పైడిరాజు కుడికాలు

కళ్లెం కనిపెట్టింది ఎవరని అడిగితే మధురవాడ కొండమీదున్న ఆ ప్రయోగశాలలో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. డైరెక్టరు అవధానిగారు తన పేరు తాను చెప్పుకోరు, కాని ఎదుటివాళ్ళు చెప్పేదాకా ఆ ప్రస్తావన వదలరు. లెక్కలు చేసినవాళ్ళు లెక్కలంటారు, వైర్లు అతికినవాళ్ళు వైర్లంటారు. అసలు సంగతి అందరికీ తెలుసు. కళ్లెం అంటే పైడిరాజు కుడికాలు.

అంతకుముందు కార్లలో వచ్చిన వేగాన్ని కట్టడి చేసే యంత్రాలన్నీ బోర్డు చదివే రకం. రోడ్డు పక్కన నలభై అని రాసుంటే బండి నలభై దాటదు. ఎండలో నలభై, మంచు కమ్మినా నలభై, మలుపు అవతల మేకలమంద పడుకుని ఉన్నా నలభై. అవధానిగారికి అది నచ్చలేదు. మంచి డ్రైవరు బోర్డు చూసి తోలడు. తడిని చూసి, మబ్బును చూసి, ముందు పోయే లారీ ఊగే తీరు చూసి అతని కాలు తనంతట తానే తేలికవుతుంది. అలాంటి కాలొకదాన్ని యంత్రానికి నేర్పితే ప్రతి బండిలోనూ ఆ కాలు ఉంటుంది. తోలేవాడు ఎంత తొక్కినా, ఆ కాలు ఒప్పుకున్నంత వేగమే బండి పోతుంది. దానికే కళ్లెం అని పేరు పెట్టారు.

ఇక కాలు కోసం వెతికారు. వచ్చిన డ్రైవర్లందరూ మొదటి గంట పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఒద్దికగా తోలారు. రెండో గంటకి అసలు బుద్ధి బయటపడింది. ఒక్క పైడిరాజు మాత్రం మొదటి గంట ఎలా తోలాడో చివరి గంటా అలాగే తోలాడు. అతను పాడేరు నుంచి కాఫీ గింజలు దించే వ్యాను డ్రైవరు. ఘాట్ రోడ్డు అతనికి ఇంటి వసారా కింద లెక్క.

అతని పాదానికి తొడుగు వేసే పని సునందది. ఎంటెక్ చదివి కొత్తగా చేరిన పిల్ల. తొడుగులో సన్నసన్నటి తీగలుంటాయి, పాదం ఎక్కడ ఎంత నొక్కిందీ కంప్యూటరుకి చెబుతాయి.

"చెప్పులు విప్పి తోలగలవా?" అని అడిగింది.

"ఏసుకునే తోల్లేను మేడమ్. బండి ఏటంటందో కాలికి తెలియాల గదా" అన్నాడు.

సునంద వెనకసీట్లో కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, పైడిరాజు ముందు కూర్చుని పాడేరు ఘాట్ మీద తోలేవాడు. యంత్రానికి పాఠం చెప్పడానికి వెళ్ళిన పిల్ల, ఆ వెనకసీట్లో కూర్చుని అతని మెడ వెనక భాగాన్ని బట్టీ పట్టింది. ఏడాది తిరిగేసరికి సింహాచలంలో పెళ్ళయింది. డ్రైవర్ని చేసుకోవడానికా నిన్ను అంత చదివించింది అని తండ్రి చాలాకాలం మాట్లాడలేదు. ఇంట్లో కూడా పైడిరాజు ఆమెని మేడమ్ అనే పిలిచేవాడు. మానమంటే, అలవాటైపోనాది మేడమ్ అనేవాడు.

పాఠం పూర్తయింది. కళ్లెం ఇంకా రోడ్డెక్కనే లేదు, ఘాట్ మీద తిరిగిన దోమకాటో ఏమో, మలేరియా జ్వరం పైడిరాజు తలకెక్కింది. వారం తిరక్కుండా పోయాడు. అప్పటికి కూతురు కుందనకి అన్నప్రాశన కూడా కాలేదు.

*

కళ్లెం వచ్చాక జనం తిట్టారు. వెనకసీట్లో అత్తగారిని కూర్చోబెట్టుకుని తోలుతున్నట్టుంది అన్నారు కుర్రాళ్ళు. ముందు ఘాట్ రోడ్ల మీద తిరిగే అద్దెబళ్ళకి, ఆ తర్వాత అన్ని కార్లకీ తప్పనిసరి చేశారు. అంబులెన్సులకీ పోలీసులకీ మినహాయింపు. మెల్లగా తిట్లు తగ్గాయి, ఎందుకంటే లోయలో పడే బళ్ళు కూడా తగ్గాయి. మంచుకాలంలో పర్యాటకులతో కిక్కిరిసే రోడ్డు మీద ఆ ఏడు ఒక్క శవం కూడా పైకి తీయలేదు. అవధానిగారికి శాలువాలు కప్పారు.

సునంద మాత్రం చాలాకాలం కళ్లెం ఉన్న బండి ఎక్కలేదు. ప్రయోగశాలకి బస్సులో వచ్చి బస్సులో పోయేది. ఒకరోజు తప్పనిసరై టాక్సీ ఎక్కింది. కైలాసగిరి మలుపు దగ్గర బండి, మలుపుకి కాస్త ముందే, ఊపిరి వదిలినట్టుగా తేలికైంది. అందరు డ్రైవర్లూ మలుపులో దిగాక కాలు తీస్తారు. మలుపు కంటే ముందు, అంత మెత్తగా తీసేది లోకంలో ఒక్కడే. సునంద ఎంత ఏడ్చిందంటే పాపం ఆ టాక్సీవాడు బండి పక్కకి ఆపి మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

తర్వాత ఒక కారు కొంది. సెలవు దొరికితే చాలు, కుందనని ఎక్కించుకుని పాడేరు ఘాట్ ఎక్కేది. పైన పనేమీ లేదు. ఎక్కడం, దిగడం. ఆమె కాలు ఊరికే తొక్కి పట్టుకునేది, తక్కినదంతా అతను చూసుకునేవాడు. పిల్లకి నాన్న మొహం ఫొటోలో తప్ప తెలియదు, కాని కాలు తెలుసు. కళ్ళు మూసుకుని వెనకసీట్లో కూర్చుని, "ఇప్పుడు తీస్తాడు, ఇదిగో తీశాడు" అనేది. ఎప్పుడూ తప్పు చెప్పలేదు. తండ్రి గురించి ఆ పిల్లకున్న జ్ఞాపకమల్లా అంతే.

ఒకసారి అత్తగారు పోలమ్మ కూడా వచ్చింది. ఘాట్ మధ్యలో గరికబంద అనే చోటు దాటాక వరసగా మలుపులొస్తాయి. అక్కడ బండి మరీ నెమ్మదైంది, చంటిపిల్లని పక్కమీద దించినట్టు ఒక్కో మలుపూ దాటింది.

"ఆడే" అంది పోలమ్మ. "కడుపులో సల్ల కదలకండా తోల్తన్నాడు." కొంగు మొహమ్మీదికి లాక్కుని కొండ దిగేదాకా అలాగే కూర్చుంది.

ముగ్గురికీ ఆ మలుపులంటేనే ప్రాణం. అక్కడ ఎందుకంత నెమ్మది అని సునంద ఎన్నడూ ఆలోచించలేదు. కావలసింది దొరుకుతున్నప్పుడు ఎందుకు దొరుకుతోందని ఎవరూ అడగరు.

*

ఒక మధ్యాహ్నం ప్రయోగశాల గేటు దగ్గర ఇద్దరు నిలబడ్డారు. మగమనిషి పేరు వంతల బొంజుబాబు, పాడేరు అవతల కొండమీది ఊరు. పక్కన భార్య పుల్మతి, మనిషి పాలిపోయి ఉంది. కళ్లెం చేసినోళ్ళతో మాట్లాడాలన్నారు. అవధానిగారు విషయం కనుక్కుని, వర్షం వల్ల అయి ఉంటుందని చెప్పి పంపించమన్నారు. సునంద కిందికి దిగింది, క్యాంటీన్‌లో కూర్చోబెట్టి టీ తెప్పించింది. పంపించేద్దామనే దిగింది. ఆ ముక్క చెప్పుకోవాలి.

"మా ఆడదానికి నొప్పులొచ్చినయమ్మా" అన్నాడు బొంజుబాబు. "పిల్ల అడ్డం తిరిగింది, బేగి కిందికి తీసుకుపొమ్మంది నర్సమ్మ. అంబులెన్సుకి ఫోన్ సేస్తే అది ఇంకో మనిషినేసుకుని ఎల్లిందన్నారు. అద్దెజీపు ఎక్కినాం."

"జీపు ఎలా ఉంది? పాతదా?"

"కొత్తదే. బ్రేకులు బాగున్నయి. డ్రైవరు మా ఊరోడే, కొండ తెలిసినోడు. ఆడు తొక్కతానే ఉన్నాడు, బండి ఎల్లదు. గరికబంద మలుపులకాడ మరీ నత్తయిపోనాది. వాన నేదు, మంచు నేదు, రోడ్డు మీద పురుగు నేదు. అక్కడ ఏటుందమ్మా? ఏటుందనీసి అలగ ఆగాల?"

సునంద టీగ్లాసు అతని ముందుకి జరిపింది.

"పట్నం ఆసుపత్రిలో డాక్టరు, ఇంకాస్త ముందొస్తే పిల్ల దక్కేదేమో అన్నాడు. ఏమో అనే అన్నాడు, నాను కాదనను" అన్నాడు. "మాకు డబ్బులొద్దు. అక్కడ ఏటుందో సెప్పండి సాలు. తెలియకపోతే నిద్ర పట్టటం నేదు."

"అంబులెన్సులకి కళ్లెం ఉండదు" అంది సునంద, ఏదో ఒకటి అనాలని.

"మా కొండలమీద జీపే అంబులెన్సు తల్లీ."

అప్పటిదాకా టీగ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్న పుల్మతి తలెత్తింది.

"బండి మంచిగానే తోలింది" అంది. "ఈయన తిడతన్నాడు, డ్రైవరు తిడతన్నాడు. నాకు మాత్రం కుదుపు తెలియనేదు. ఎవరో అడుగున సెయ్యేసి మోస్తన్నట్టుంది. బండికి నా కట్టం తెలిసింది అనుకున్నానమ్మా. తిట్టొద్దని నానే అన్నాను."

ఆ చెయ్యి ఎవరిదో సునందకి తెలుసు. ఆ చేతిమీద వాలే కదా ఇన్నేళ్ళూ సెలవులన్నీ గడుపుతోంది. టీ చల్లారిపోయింది. కనుక్కుని చెబుతానని మాటిచ్చి వాళ్ళని బస్సెక్కించింది.

*

ప్రయోగశాలలో ఒక మూల పాత పెడలుబల్ల ఉంది. కుర్చీ, దాని ముందు చెక్క, చెక్కకి ఒక పెడలు. పైడిరాజు తోలిన ప్రతి ప్రయాణాన్నీ ఆ పెడలు మళ్ళీ నడిపిస్తుంది. అతని పాదం నొక్కినచోట కిందికి దిగుతుంది, తీసినచోట పైకి లేస్తుంది. పాఠం పూర్తయ్యాక దాని మీద దుమ్ము గుడ్డ కప్పారు. అతను పోయాక సునంద దాని జోలికి వెళ్ళలేదు. వెళ్తే ఇక లేవలేనని భయం.

ఆ రోజు గుడ్డ తీసింది. చెప్పులు విప్పి, పాదం పెడలు మీద పెట్టి, మొదటి నెలల్లో అతను తోలిన ప్రయాణం నడిపించింది.

పెడలు ఆమె కాలికింద కదిలింది. సునంద రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది. తీపో నొప్పో చెప్పలేని ఒక బాధ కాలి నుంచి పైకి పాకింది. గరికబంద దాటింది. మలుపులొచ్చాయి. పెడలు కాస్త లేచి, వెంటనే దిగి, చకచకా దాటిపోయింది. ఎక్కడా నత్తనడక లేదు. ఇదీ అతని కాలే, మలుపుకి ముందే తేలికయ్యే అదే కాలు. కాని ఇక్కడ ఉషారుగా ఉంది, కాఫీ గింజల వ్యాను తోలేవాడి కాలు.

తర్వాతి నెలల ప్రయాణాలు ఒక్కొక్కటే నడిపించింది. ఉషారు అలాగే ఉంది. ఆషాఢం వెళ్ళాక ఒక ప్రయాణంలో, మొదటి మలుపు దగ్గరే, పెడలు మెత్తబడిపోయింది. సునంద ఆపి మళ్ళీ నడిపించింది. మళ్ళీ అంతే. అక్కడి నుంచి చివరి ప్రయాణం దాకా ఇక ఆ పాత ఉషారు లేదు. రోడ్డు అదే, బండి అదే, కాలూ అదే. రాత్రికి రాత్రి ఏదో మారింది.

ఏం మారిందో ఆమె పాదానికే ముందు తెలిసింది. ఆ ప్రయాణానికి ముందురోజు సాయంత్రం, ఘాట్ కింద టీకొట్టు దగ్గర, ఆమె అతనికి కడుపుతో ఉన్నానని చెప్పింది.

"రేపట్నించి మీరు దిగిపోండి మేడమ్" అన్నాడు పైడిరాజు వెంటనే. "మీ బదులు ఇసకబస్తాలేద్దాం."

"దిగితే కారణం చెప్పాలి. ఐదోనెల దాకా బయట అనొద్దని మీ అమ్మ ఒట్టు వేయించుకుంది, దిష్టి తగులుతుందట."

పైడిరాజు టీ మొత్తం తాగేదాకా ఆలోచించాడు. "సరే అయితే. నాను సూసుకుంటాను."

చూసుకున్నాడు. గరికబంద మలుపుల దగ్గరే ఆమెకి వికారం ఎక్కువ, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేది. అద్దంలోకి చూడకుండానే అతని కాలు ఆమె వికారాన్ని కనిపెట్టేది. ఆమె కంప్యూటరు అవన్నీ శ్రద్ధగా రాసుకుంది. ఐదోనెల రాకముందే ప్రయాణాలు ముగిశాయి, ప్రయోగశాలలో ఎవరికీ తెలియలేదు. వెనకసీటు బరువు రాసేచోట, ఎప్పటిలాగే, ఒక మనిషి అని ఉంది. ఇద్దరున్నారని రాయడానికి పోలమ్మ ఒప్పుకోలేదు, దిష్టికి భయపడే ఏ ఇంట్లోనైనా ఒప్పుకోరు. చివరికి పాఠం కోసం ప్రయాణాలు ఎంచేటప్పుడు అవధానిగారు ఆ మెత్తటివన్నీ ముందుకు లాగి, ఇదీ తోలడమంటే, ఇదే నేర్పండి అన్నారు.

యంత్రానికేం తెలుసు. అక్కడ ఏదో ప్రమాదం ఉంది కాబట్టే కాలు తీశాడనుకుంది. రాష్ట్రంలో ప్రతి బండీ ఇన్నేళ్ళుగా, వెనకసీట్లో కుందనని మోస్తున్న సునంద కూర్చున్నట్టే నడుస్తోంది.

సునంద పెడలు మీంచి పాదం తీయలేదు. ప్రయాణం అయిపోయి పెడలు ఆగిపోయినా అలాగే కూర్చుంది. నన్ను ఇంతగా చూసుకున్నావా అని పైకే అంది. అది ఎంత సంతోషమో అంత గుండెకోత. ఇన్నాళ్ళూ అతని అలవాటు అనుకున్నది అలవాటు కాదు, ఆమె కోసం. అది తెలిసిన రోజే, అది తీసేయాలనీ తెలిసింది.

*

అవధానిగారు చెడ్డమనిషి కాదు. అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఇది నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు సునందా" అన్నారు. "నిన్ను ఎవరూ అడగలేదు కూడా. ఘాట్ మీద చావులు తగ్గాయి. ఆ మెత్తదనం తీసేస్తే మళ్ళీ పెరగవని ఏమిటి భరోసా?"

"మొదటి నెలల ప్రయాణాలతో పాఠం మార్చి చూశానండీ. రోడ్డు పట్టు లెక్కలతో సరిచూశాను. అదీ భద్రమే. వానలో తగ్గుతుంది, మంచులో తగ్గుతుంది. పొడిరోడ్డు మీద ఊరికే తగ్గదు, మలుపుకి ముందు కాలు తీయడం తోలేవాళ్ళకే వదిలేస్తుంది, అంతే తేడా."

"పోనీ ఇలా చేద్దాం. ఆ ఊళ్ళ జీపులకి మినహాయింపు ఇప్పిద్దాం. తక్కిన కార్లలో ఉండనీ." ఆయన ఆమె మొహం చూసి గొంతు తగ్గించారు. "నీ కారులో ఉండనీ అమ్మా. నాకు తెలియదనుకున్నావా, సెలవులకి ఎక్కడికి వెళ్తావో."

ఆశ ఎంత సిగ్గులేనిదో, సునంద ఆ మాటని నిజంగానే పట్టుకుంది. రెండురోజులు దాన్నే తిప్పి తిప్పి చూసుకుంది. ఒక్క కారు. ఎవరికి నష్టం? కాని ఘాట్ మీద దాటిపోయే చోట్లు తక్కువ. ముందు పోయే కారు నత్తలా ఉంటే వెనక వచ్చే జీపుకి మినహాయింపు ఉండి ఏం లాభం. పుల్మతి జీపు ముందు ఆ రోజు ఎన్ని కార్లు పైడిరాజు కాలితో నడుస్తున్నాయో ఎవరు చెప్పొచ్చారు. వాటిలో తనదీ ఒకటై ఉండొచ్చు. ఆ ఊహ వచ్చాక ఇంక అన్నం సహించలేదు.

పోలమ్మకి చెప్పకుండా చేయలేదు. ముసలామె చింతపండు గింజలు తీస్తూ వింది.

"నా కొడుకు కాలి మూలంగా ఆ పిల్లకి బిడ్డ పోనాదంటావా?"

"అలా ఎలా అంటానత్తా. ఆయన నన్ను చూసుకున్నాడు. దాన్ని మేము అందరికీ తగిలించాం."

పోలమ్మ చాలాసేపు గింజలు తీసింది. "అమ్మీ, ఆడే బతికుండి, ఆ పిల్ల నొప్పులతో ఆడి బండెక్కితే ఎలగ తోలీవోడు?"

సునంద కూడా కొంచెం చింతపండు అందుకుని గింజలు తీయసాగింది.

"రెక్కలు కట్టుకుని తోలీవోడు. నత్తనడక నడిసీవోడా?" అంది పోలమ్మ. "మెల్లగెల్లడం ఒక్కటీ నేర్సుకుంది నీ యంత్రం. ఎవరి కాడ మెల్లగెల్లాలో ఆడికి తెలుసు గాని దానికి తెలీదు. తీసీ. ఆడి పేరు మీద ఇంకో పసిగుడ్డు పోకూడదు." ఆ తర్వాత పళ్ళెం పక్కకి నెట్టి, ఇంకోసారి పోయాడు నా కొడుకు అని ఏడ్చింది. సునంద దగ్గరికి తీసుకుంది, ఇద్దరూ కలిసి ఏడ్చారు.

మర్నాడు బొంజుబాబుకి ఫోన్ చేసి అక్కడ ఏముందో చెప్పింది. ఏమీ దాచలేదు. అతను అంతా విన్నాడు. చివరికి, "మీ ఆయన మంచోడమ్మా" అని పెట్టేశాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

*

కొత్త పాఠం గాలిలోనే అన్ని బళ్ళకీ వెళ్తుంది. అవధానిగారిని ఒప్పించి, సునంద సంతకం పెట్టి, ఆదివారం పొద్దున విడుదలయ్యేలా ఏర్పాటు చేసింది. ఏ బండి అయినా, ఆపి మళ్ళీ తీసినప్పుడు కొత్త కళ్లెం అందుకుంటుంది. ఆపనంతసేపూ పాతదే నడుస్తుంది. ఈ పద్ధతి పెట్టింది కూడా సునందే, పరుగులో ఉన్న బండికి పాఠం మార్చడం ప్రమాదమని.

ఆదివారం విడుదలకి ముందే కుందనతో బయల్దేరింది. బండి నిండా ఛార్జింగు పెట్టింది, పూరీలు పొట్లం కట్టింది, పిల్లని బలవంతంగా బాత్రూముకి పంపింది. మాడుగుల దాటేసరికి అద్దం కింద చిన్న పచ్చదీపం వెలిగింది. కొత్త కళ్లెం సిద్ధంగా ఉంది, బండి ఆపినప్పుడు మారుతుంది అని అక్షరాలు వచ్చాయి. సునంద దాని మీద రుమాలు వేసింది.

ఘాట్ ఎక్కారు. కుందన కళ్ళు మూసుకుంది. "ఇప్పుడు తీస్తాడు. తీశాడు."

గరికబంద దాటాక సునంద చెప్పింది. "కుందూ, ఇక్కడ నాన్న ఎందుకింత మెల్లగా తోలతాడో తెలుసా? నీ కోసమే."

"నేనెక్కడున్నాను?"

"ఇక్కడ" అని పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు వేలెడంత ఉన్నావు. నాకు వాంతులొచ్చేవి."

"నేను చేయించానా?"

"నువ్వే, ఇంకెవరు. నాన్న నిన్ను కుదపకూడదని ఇలా తోలాడు. నువ్వు పుట్టకముందే నీకు బండి తోలాడు."

పిల్ల కాసేపు ఆలోచించింది. "అయితే నాన్నకి నేను తెలుసన్నమాట" అంది. ఎప్పటినుంచో అడగలేకపోయిన ప్రశ్నకి జవాబు దొరికినట్టు సీటులో సర్దుకుని కూర్చుంది. సునందకి రోడ్డు మసకగా కనబడింది. బండి మాత్రం నెమ్మదిగా, జాగ్రత్తగా, మలుపులన్నీ దాటించింది.

పాడేరులో ఆగలేదు. మోదకొండమ్మ గుడి దగ్గర తిప్పుకుని మళ్ళీ దిగింది. కింద తిప్పుకుని మళ్ళీ ఎక్కింది. పూరీలు కదులుతూనే తినిపించింది. ఇవాళ ఇన్నిసార్లెందుకని పిల్ల అడిగితే, ఇవాళ నాన్న దగ్గర ఎక్కువసేపు ఉందామని చెప్పింది. అబద్ధం కాదు. ఛార్జింగు సగమైంది. సగంలో సగమైంది. ఇంకొక్కసారి, ఈ ఒక్క మలుపూ అనుకుంటూ తోలింది. మనిషి పోయిన రోజు ఆసుపత్రిలో కూడా అలాగే, ఇంకొక్క పూట, ఈ ఒక్క పూట అని దేవుళ్ళందర్నీ బతిమాలింది.

"అమ్మా, ఒంటికి వస్తోంది" అంది కుందన.

"కాస్త ఓర్చుకో తల్లీ."

"ఓర్చుకున్నాను."

"ఇంకొక్క మలుపు."

మలుపు దాటింది. అతను కాలు తీశాడు, మళ్ళీ నొక్కాడు. ఇంకోటి దాటింది. పిల్ల రెండు కాళ్ళూ ముడుచుకుని, నాన్న ప్రయాణం పాడుచేయకూడదని కాబోలు, పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. అద్దంలో ఆ మొహం చూసి సునందకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఎవరినైతే కుదపకూడదని అతను ఇంత తంటాలు పడ్డాడో, ఆ పిల్లని తాను ఏడిపిస్తోంది.

రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకి తీసి ఆపింది. స్విచ్చి మీద చెయ్యి పెట్టి, "వెళ్ళిరా రాజూ" అంది. తిప్పింది. రుమాలు కింద పచ్చదీపం ఆరిపోయింది.

పిల్లని పొదల చాటుకి తీసుకెళ్ళి, చేతులు కడిగించి, కొంగుతో తుడిచి, మళ్ళీ కూర్చోబెట్టింది. బండి తీసింది. మొదట్లో తేడా తెలియలేదు. మలుపు ముందుకొచ్చింది. సునంద కాలు అలవాటుగా తొక్కే ఉంది, బండి దూసుకుపోతూనే ఉంది. పొడిరోడ్డు కదా, ఇక కాలు తీసేవాళ్ళు ఎవరూ లేరు. వెనకనుంచి ఒక జీపు హారను కొట్టి, రోడ్డు వెడల్పులో పక్కనుంచి దాటి, హాయిగా కిందికి దిగిపోయింది.

సునంద తన కాలు తాను పైకి తీసింది. మలుపుకి కాస్త ముందే, ఎంత మెత్తగా చేతనయితే అంత మెత్తగా. బండి కొద్దిగా కుదిపింది. రెండో మలుపు దగ్గర ఇంకాస్త తక్కువ కుదిపింది.

వెనకసీట్లో కుందన కళ్ళు తెరిచింది. "అమ్మా, ఇప్పుడెవరు తోలుతున్నారు?"

"నేనేనమ్మా" అంది సునంద.